శంషాబాద్ నుంచి కువైట్ ఎంత దూరం?



కోనసీమలో పాస్టరుగా ఉన్నవాణ్ణి జనం వాక్యం గురించి మాత్రమే అడగరు. పెళ్లి సంబంధాలు, పొలం గట్లు, పాస్‌పోర్టు ఫారాలు అన్నీ పాస్టరు గారి అరుగు మీదికే వస్తాయి. మా అరుగు మీద ఎక్కువసార్లు వినబడే ప్రశ్న మాత్రం ఒకటుంది. "అయ్యగారూ, కువైట్ ఎంత దూరమండీ? అక్కణ్ణించి బయల్దేరితే ఎన్ని గంటల్లో వచ్చేత్తారండీ?" కూతుర్ని పంపిన తల్లి అడుగుతుంది, భార్యను పంపిన భర్త అడుగుతాడు, అమ్మ మొహం ఫోనులోనే చూసి పెరిగిన పిల్లలు అడుగుతారు. ఇన్నాళ్లూ ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పిన జవాబును ఈ వారం అందరికీ కలిపి రాస్తున్నాను. ఓపికగా చదవండి.

ముందు లెక్క చెబుతాను. శంషాబాద్ విమానాశ్రయం నుంచి కువైట్ విమానాశ్రయానికి ఆకాశంలో దగ్గర దారి సుమారు 3,370 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి గాలిలో సుమారు 1,260 కిలోమీటర్లు కాబట్టి, కువైట్ అంతకు రెండున్నర రెట్లకు పైనే ఉందన్నమాట. విమానం పైకి లేచి నిలదొక్కుకున్నాక గంటకు 800 నుంచి 900 కిలోమీటర్లు పోతుంది. ఎక్కడానికి, దిగడానికి, రన్‌వే దాకా నడవడానికి పట్టే సమయం కూడా కలిపితే ప్రయాణం సుమారు ఐదు గంటలు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రైల్లో పోయేవాళ్లు ఒక పగలూ ఒక రాత్రీ కూర్చుంటారు. అంతకంటే ఎంతో తక్కువ సమయంలో సముద్రం దాటి వేరే దేశంలో దిగుతాం.

పిల్లలు అట్లాసులో స్కేలు పెట్టి గీత గీసి, విమానం ఆ గీత మీద ఎందుకు పోదని అడుగుతుంటారు. భూమి గుండ్రంగా ఉంటుంది, అట్లాసు కాగితం చదునుగా ఉంటుంది. కొబ్బరికాయ మీద రెండు చుక్కలు పెట్టి వాటి మధ్య దారం బిగించి చూడండి. ఆ దారమే అసలైన దగ్గర దారి. అదే దారాన్ని కాగితం మీద గీస్తే కొంచెం వంగినట్టు కనబడుతుంది.

ఇంకో సంగతి. వెళ్లేటప్పటి కంటే వచ్చేటప్పుడు తక్కువ సమయం పడుతుంది. దూరం అదే, విమానం అదే. కానీ అంత ఎత్తున గాలి ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది, చలికాలంలో మరీ బలంగా వీస్తుంది. పడమటికి పోయే విమానానికి అది ఎదురుగాలి. ఇంటికి వచ్చే విమానానికి వెనకనుంచి తోసే గాలి. అందుకే తిరుగు ప్రయాణం ఇంచుమించు నాలుగున్నర గంటల్లో అయిపోతుంది. ఈ సంగతి చెప్పినప్పుడు మన సంఘంలో ఒక ముసలమ్మ గారు, "అయితే మన పిల్లల్ని ఇంటికి పంపడానికి దేవుడు గాలి కూడా పెట్టాడన్నమాట" అన్నారు. గాలులు పుట్టేది భూమి తిరగడం వల్ల, ఎండ వేడిమి వల్ల. అయినా ఆమె మాటను నేను కాదనలేదు. ఆ వేడిమినీ ఆ తిరుగుడునూ నియమించినవాడు ఒకడున్నాడని నేను నమ్ముతాను.

గడియారం సంగతి కూడా తెలుసుకోవాలి. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. ఉదయం పది గంటలకు శంషాబాద్‌లో ఎగిరినవాళ్లు, ఐదు గంటలు కూర్చుని, అక్కడి గడియారంలో మధ్యాహ్నం పన్నెండున్నరకే దిగుతారు. సగం సమయం ఎవరో తిరిగి ఇచ్చినట్టుంటుంది. ఇంటికి వచ్చేటప్పుడు ఆ రెండున్నర గంటలూ మళ్లీ తీసేసుకుంటారు.

ఇదీ విమానం లెక్క. మనిషి లెక్క వేరు. మన ఊరి నుంచి ఒక సహోదరి బయల్దేరిందనుకోండి. సాయంత్రం ఆరింటికి ఇంట్లో ప్రార్థన చేసుకుని, అమలాపురంలో బస్సెక్కి, రాత్రంతా ప్రయాణం చేస్తే తెల్లవారికి హైదరాబాద్. విదేశీ విమానానికి మూడు గంటల ముందే ఉండమంటారు. పెట్టె బరువు తూచాలి, వీసా కాగితాలు చూపాలి, స్టాంపు వేయించుకోవాలి. ఆ పైన ఐదు గంటలు ఆకాశంలో. అక్కడ దిగాక మళ్లీ వరుస, మళ్లీ స్టాంపు, తనను తీసుకెళ్లేవాళ్ల కోసం ఎదురుచూపు. ఆమె తనకిచ్చిన గదిలో సంచి దించేసరికి మన గడియారంలో మళ్లీ సాయంత్రం అయిపోతుంది. ఐదు గంటల విమానానికి ఇంచుమించు ఇరవై నాలుగు గంటల ప్రయాణం.

ఇంతవరకూ చెప్పింది అన్నీ సవ్యంగా జరిగితే పట్టే సమయం. ఆ దారి మూసుకుపోయిన రోజులు కూడా మనవాళ్లు చూశారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. విమానాశ్రయం మూతపడింది. అక్కడున్న మనదేశస్థులు బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా ఎడారి దాటి జోర్డాన్ దేశంలోని అమ్మాన్ చేరారు. అక్కణ్ణించి ఎయిర్ ఇండియా విమానాలు వాళ్లను బొంబాయికి చేరవేశాయి. అక్టోబరు దాకా సాగిన ఆ పనిలో 1,70,000 మందికి పైగా ఇల్లు చేరారు. ఇల్లు తూర్పున ఉంటే వాళ్లు ముందు పడమటికి పోవలసి వచ్చింది. అమ్మాన్ నుంచి బొంబాయికి మళ్లీ సుమారు 3,900 కిలోమీటర్లు. ఐదు గంటల దూరం ఆ ఏడాది కొందరికి వారాలైంది. మళ్లీ 2020లో కరోనా వచ్చినప్పుడు మార్చి నెలలో విమానాలు ఆగాయి. మే నెలలో వందే భారత్ విమానాలు మొదలయ్యేదాకా డబ్బున్నవాళ్లకూ లేనివాళ్లకూ ఒకే దూరం.

బాగ్దాద్ దారి అన్నప్పుడల్లా నాకు ఎజ్రా గుర్తొస్తాడు. పాతకాలపు బబులోను శిథిలాలు ఉన్నది ఆ బాగ్దాద్‌కు దక్షిణాన్నే. ఎజ్రా తన జనంతో అక్కణ్ణించి యెరూషలేముకు బయల్దేరాడు. మొదటి నెల మొదటి రోజున బయల్దేరినవాడు ఐదవ నెల మొదటి రోజున చేరాడని ఆయన గ్రంథం చెబుతుంది. నాలుగు నెలలు! దారిలో దొంగల భయం, వెంట చిన్నపిల్లలు, చేతిలో దేవాలయపు వెండి బంగారాలు.

ఆ ప్రయాణంలో ఎజ్రా చేసిన మూడు పనులు గల్ఫ్‌కు పిల్లల్ని పంపుకున్న మన సంఘానికి బాగా పనికొస్తాయి. మొదటిది, అహవా నది దగ్గర మూడు రోజులు ఆగి జనాన్ని పరిశీలించాడు. ఎవరెవరు ఉన్నారో చూసినప్పుడే ఎవరు లేరో కూడా తెలిసింది. లేవీయులు లేరు. వాళ్లకోసం మనుషుల్ని పంపి పిలిపించాకే కదిలాడు. రెండవది, క్షేమమైన దారి కోసం అందరూ కలిసి ఉపవాసముండి ప్రార్థించారు. మూడవది, వెండి బంగారాలను బయల్దేరేటప్పుడు తూచి అప్పగించాడు, చేరాక మళ్లీ తూచి లెక్క రాయించాడు. ఈ మూడింటి దగ్గరికీ మళ్లీ వస్తాను. దానికి ముందు ఒక సంగతి చెప్పాలి. ఆ కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను, పేర్లు రాయడం లేదు.

రెండేళ్ల క్రితం మే నెలలో మన సంఘంలో ఒక పెద్దాయన ప్రభువునందు నిద్రించారు. బుధవారం తెల్లవారుజామున నాలుగింటికి. ఆయన పెద్ద కూతురు కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తోంది. ఎండలు మండిపోతున్నాయి. బంధువులంతా సాయంత్రానికే భూస్థాపన చేసేద్దామన్నారు. కొడుకు మాత్రం గుమ్మం పట్టుకుని నిలబడి, "అక్క రావాలండి అయ్యగారూ. అక్క రాకుండా నాన్నని తియ్యనివ్వనండి" అన్నాడు. ఒక సంఘపెద్ద నన్ను పక్కకు పిలిచి, "ఎన్నాళ్లు ఉంచుతామండీ? ఎండ చూడండి. ఎన్ని గంటల్లో రాగలదో మీరే లెక్క కట్టి చెప్పండి" అన్నారు.

అరుగు మీద కూర్చుని డైరీలో రాశాను. ఇక్కడ నాలుగు గంటలంటే అక్కడ రాత్రి ఒకటిన్నర. ఆ ఇంటివాళ్లు ఏడింటికి లేస్తారనుకున్నా ఇక్కడ తొమ్మిదిన్నర. పాస్‌పోర్టు చేతికి రావాలి, టికెట్టు దొరకాలి. రాత్రి విమానం దొరికితే గురువారం ఉదయం శంషాబాద్. అక్కణ్ణించి రాజమండ్రి దగ్గర మధురపూడికి ఇంకో విమానం, తర్వాత కారు. ఎంత త్వరపడినా గురువారం సాయంత్రం. ఒక పూట ఎక్కువ వేసుకుని, శుక్రవారం ఉదయం పది గంటలకు ఆరాధన అని చెప్పాను. అమలాపురం నుంచి ఐస్ బాక్సు తెప్పించారు.

ఆ ఇంటి యజమానురాలు కబురు విని ఆ పిల్లను పట్టుకుని ఏడ్చిందట. కానీ పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంది. ఆయన ఊళ్లో లేడు. తాళం ఆయన దగ్గరుంది. బుధవారం అంతా ఫోన్లతోనే గడిచిపోయింది. అక్కడి తెలుగు సంఘం సహోదరులు ఇద్దరు డ్యూటీ దిగి ఆ ఇంటికి వెళ్లారు, మర్యాదగా మాట్లాడారు, గుమ్మం బయటే నిలబడి ఎదురుచూశారు. గురువారం సాయంత్రం ఆ బీరువా తెరుచుకుంది. ఆ సహోదరులే టికెట్టు తీశారు. రాత్రి విమానం ఎక్కింది. ఇక్కడ మేము పది గంటలన్న ఆరాధనను మధ్యాహ్నానికి మార్చాం. సణిగినవాళ్లు సణిగారు. మండుటెండలో సమాధి తవ్వినవాళ్లు మాత్రం ఒక్క మాట అనకుండా చెట్టు కింద కూర్చున్నారు. శుక్రవారం ఒంటిగంటా పావుకి కారు వచ్చి ఆగింది.

ఆమె ఏడవలేదు. తండ్రి పాదాలు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. భూస్థాపన అయ్యాక నా దగ్గరికి వచ్చి ఒక మాట అంది: "విమానంలో నాలుగున్నర గంటలేనండి అయ్యగారూ. ఆ బీరువా దగ్గరే ఒకటిన్నర రోజు పట్టిందండి."

బుధవారం నాలుగింటి నుంచి శుక్రవారం ఒంటిగంటా పావు దాకా 57 గంటలు. రెండు విమానాలూ కలిపి ఆమె ఆకాశంలో గడిపింది అందులో ఆరు గంటలు కూడా లేదు. మిగిలిందంతా నేల మీది దూరమే. తాళాలు, కాగితాలు, సెలవు, టికెట్టు డబ్బు, ఇక్కడ మన ఓపిక. 3,370 కిలోమీటర్లను మనం ఒక్క అడుగు కూడా తగ్గించలేం. ఈ రెండో దూరాన్ని మాత్రం మనుషులే పెంచుతారు, మనుషులే తగ్గిస్తారు. ఆ ఇద్దరు సహోదరులు తగ్గించారు. చెట్టు కింద కూర్చున్నవాళ్లు తగ్గించారు. అందరికీ ఇలా జరగదు. తండ్రి భూస్థాపనను వంటగదిలో నిలబడి ఫోనులో చూసినవాళ్లు మన సంఘంలోనే ఉన్నారు. వాళ్లను ఆదరించడానికి నాకు తెలిసిన మార్గం, రాబోయే వాళ్లకైనా ఈ రెండో దూరం తగ్గించడమే.

కాబట్టి కొన్ని పనులు చెబుతున్నాను. కువైట్‌లో ఇళ్లలో పనిచేసేవారి కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. వారానికి ఒక రోజు విశ్రాంతి, ఏడాదికి జీతంతో 30 రోజుల సెలవు, పనిమనిషి ఒప్పుకోకుండా పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదనే నియమం అందులో ఉన్నాయి. చట్టం ఉన్నంత మాత్రాన బీరువా తెరుచుకోదు, అది మనం చూశాం. అయినా హక్కు తెలిసినవాళ్లు అడిగే తీరు వేరుగా ఉంటుంది. వెళ్లేవాళ్లు ముందే తెలుసుకుని వెళ్లండి. ఏజెంటు ఇచ్చే విజిట్ వీసా మీద పనికి వెళ్లకండి. ఇంటిపనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండాలని మన ప్రభుత్వం పెట్టిన నియమాన్ని తప్పించుకునే దారులు చూపేవాడి మాట అసలే వినకండి. దొంగదారిన వెళ్లినవాళ్లకు తిరుగు దారి చాలా పొడుగవుతుంది.

ఇంట్లో ఉన్నవాళ్లు ఈ వారమే ఒక పని చేయండి. మీ మనిషి పాస్‌పోర్టు, వీసా జిరాక్సులు, సివిల్ ఐడి నంబరు, యజమాని పేరు, ఫోను నంబరు ఒక కవరులో పెట్టండి. కువైట్‌లో చిరునామా ఏరియా, బ్లాకు, వీధి, ఇంటి నంబరు అనే వరుసలో ఉంటుంది. ఆ నాలుగూ అడిగి రాసుకోండి. "సాల్మియాలో ఎక్కడో అండి" అంటే సాయం చేయడానికి వెళ్లేవాళ్లు ఎక్కడని వెదుకుతారు? ఆపద వచ్చినప్పుడు భారత రాయబార కార్యాలయం వాళ్లైనా, అక్కడి సంఘం వాళ్లైనా మొదట అడిగేవి ఇవే.

గడియారాన్ని గుర్తుపెట్టుకోండి. మనం పొద్దున్నే ఆరింటికి లేచి హుషారుగా ఫోను చేస్తే అక్కడ తెల్లవారుజాము మూడున్నర. రాత్రి పదిన్నరకు గిన్నెలు కడిగి ఆమె ఫోను పట్టుకునేసరికి మనకు ఒంటిగంట. దిండు పక్కన ఫోను పెట్టుకుని మేలుకొని ఉండే తల్లులు మన సంఘంలో ఉన్నారు, వాళ్లకు చెప్పనక్కర్లేదు. మిగతావాళ్లు ఆ రెండున్నర గంటలను ప్రేమతో లెక్కపెట్టండి.

ఎజ్రా త్రాసును కూడా గుర్తుపెట్టుకోండి. ఆమె పంపే డబ్బు నిమిషాల్లో మీ ఖాతాలో పడుతుంది. అక్కడ ఎన్ని గంటల చాకిరీ చేస్తే అది వచ్చిందో ఆమె తూచింది. ఇక్కడ అందుకున్నవాళ్లు కూడా తూచాలి. ఫీజుకు ఎంత, అప్పుకు ఎంత, ఇంటికి ఎంత అని నెలనెలా రాసి ఆమెకు చెప్పండి. భార్య కష్టం సాయంత్రానికి సీసాలో కరిగిపోయే ఇళ్లు నాకు తెలుసు, ఆ ఇళ్లకు నేను వస్తూనే ఉంటాను. లెక్క తేలకపోతే ఆమె తిరుగు ప్రయాణం ఏడాదికేడాది వెనక్కి పోతుంది. ఆ దూరం పెంచినవాళ్లు అరబ్బులు కాదు, మనమే.

ఇక సంఘం చేయవలసింది. ఒకసారి దేవుని పనిమీద నేను కువైట్ వెళ్లాను. నగరంలోని నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణలో వేర్వేరు భాషల సంఘాలు వేళలు పంచుకుని ఆరాధించుకుంటాయి. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మనవాళ్ల ముఖ్య ఆరాధన కూడా ఆ రోజే. పాట మొదలైతే మన ఊరి గుడిలో ఉన్నట్టే ఉంది. కానీ గుడికి వచ్చినవాళ్లు సెలవు దొరికినవాళ్లు. దొరకనివాళ్ల పేర్లు ఒక సహోదరి కాగితం మీద చదువుతుంటే అందరూ తల వంచుకుని విన్నారు. ఎజ్రా నది ఒడ్డున చేసింది అదే కదా అనిపించింది. ఎవరు లేరో చూసి, వాళ్లకోసం ఆగడం.

మన రిజిస్టరులో కువైట్, దుబాయ్, మస్కట్‌లలో ఉన్న మన సభ్యులు 41 మంది. ఈ నెల నుంచి ప్రతి శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు, అంటే కువైట్‌లో మధ్యాహ్నం రెండు గంటలకు, గుడిలో కూడుకుని ఆ పేర్లన్నీ చదివి ప్రార్థన చేద్దాం. పిల్లలు ఉన్న ఇళ్లవాళ్లు వాళ్లను తప్పక తీసుకురండి. అమ్మ పేరు మైకులో వినబడితే ఆ పిల్లల మొహాలు ఎలా వెలుగుతాయో మీరే చూస్తారు. అలాగే అత్యవసరంగా రావలసినవారి టికెట్టు కోసం ఒక చిన్న నిధి మొదలుపెడదామని పెద్దలు నిర్ణయించారు. ఇవ్వగలిగినవాళ్లు కోశాధికారి గారికి ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ లెక్క కూడా రెండు చివర్లా తూచి గుడి గోడకు అతికిస్తాం.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, ఈ రాత్రి పరాయి ఇళ్ల వంటగదుల్లో, లారీల్లో, ఎడారి షెడ్లలో ఉన్న మా బిడ్డలను నీ చేతికి అప్పగిస్తున్నాం. వాళ్ల యజమానులకు మెత్తని మనసు దయచేయి. వాళ్ల కోసం కాచుకుని ఉన్న ఇళ్లకు నెమ్మది దయచేయి. వాళ్ల తిరుగు దారిలో అడ్డుగా ఉన్నవాటిలో మా చేతుల్లో ఉన్నవాటిని తొలగించే బుద్ధి మాకు ఇవ్వు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ. ఆమేన్.

శుక్రవారం నాలుగున్నరకు గుడిలో కలుద్దాం. వచ్చేటప్పుడు మీ కవరు కూడా తెచ్చుకోండి. ఏరియా, బ్లాకు, వీధి, ఇంటి నంబరు రాశారో లేదో చూస్తాను.

ప్రభువు సేవలో,
మీ సంఘ కాపరి